చాచా కంటికి ఆనిన అక్షరాలు

ఇప్పుడు మీరు తెర మీద ఒక మీట నొక్కితే అక్షరం లావవుతుంది. ఇంకో మీట నొక్కితే పక్కలు నొక్కుకుని పొడుగు సాగుతుంది. నచ్చకపోతే మళ్లీ పాత రూపానికి తెచ్చేస్తారు. మా మనవరాలు ఈ తమాషా చూపించినప్పుడు మెచ్చుకోలుగా తల ఊపాను గానీ, లోపల కాస్త ఉడుక్కున్నాను కూడా. అదే పని నేను ఉలితో చేశాను. ఒక్కో అక్షరానికి ఒక్కో కొయ్యముక్క. చెయ్యి జారితే ఆ ముక్క పొయ్యిలోకే. అచ్చు పనిలో గడిపిన జీవితమంతా చెప్పబోతే మీరు లేచి వెళ్లిపోతారు కాబట్టి ఆ అక్షరాల సంగతి ఒక్కటే చెబుతాను.

కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న రోజులవి. ఆఫీసులకు గదులు చాలక గుడారాలు వేశారు. గుడారంలో కూర్చున్న ఆఫీసరుకైనా అచ్చు కాగితాలు కావాలి కదా! ఊళ్లో ఉన్న కొద్దిపాటి ప్రెస్సులకు ఊపిరి సలపనంత పని వచ్చి పడింది. కొండారెడ్డి బురుజుకు కాస్త దూరంలో, ఒక పాత ఇంటి వసారాను పెంచి కట్టిన ప్రెస్సులో నేను అక్షరాలు పేర్చే కంపోజిటరును. మా నాయన వడ్రంగి. ఉలి పట్టడం నాకు ఇంట్లోనే వచ్చింది. అక్షరం పట్టడం మాత్రం చాచా నేర్పాడు.

చాచా అంటే మా ఫోర్‌మన్. వయసులో పెద్దవాడు, సాయిబు. యజమానితో సహా అందరం ఆయన్ను అలాగే పిలిచేవాళ్లం. సీసపు అక్షరాలు కేసులో చిన్న చిన్న అరల్లో ఉంటాయి. చాచా చెయ్యి ఆయన చూడకుండానే సరైన అర దగ్గరికి పోయేది. మేం నోరు తెరుచుకుని చూసేవాళ్లం. అదంతా అనుభవం అనుకున్నాం. అనుభవమే, కాదనను. కానీ ఆయన చూడకపోవడానికి వేరే కారణం కూడా ఉంది. చూసినా ఆయనకు ఆనడం లేదు.

ఆ సంగతి ఆయన గట్టిగా దాచుకున్నాడు. ప్రూఫు దిద్దే వేళకు గొంతు సవరించుకుని, "అబ్బీ, నువ్వే పైకి చదువు. నాకు గొంతు బాగలేదు" అనేవాడు. నేను చదివేవాణ్ణి. తప్పు ఎక్కడుందో విని చెప్పేవాడు. ఆ గొంతు ఎప్పటికీ బాగుపడలేదు. అదే గొంతుతో, కాలితో తొక్కే ట్రెడిల్ మిషను చప్పుడును మించి మా అందరినీ తిట్టగలిగేవాడు గనక, ఏదో ఉందని నాకు మెల్లగా అనుమానం తగిలింది. తగిలినా నోరు మెదపలేదు. ఆయన దాచుకుంటుంటే నేను విప్పడం నాకు మర్యాద అనిపించలేదు.

చివరికి ఒక పెళ్లి పత్రిక బయటపెట్టింది. నేను సెలవులో ఉన్న రోజు చాచా తానే ప్రూఫు చూశాడు. వధువు పేరు ఉండాల్సిన చోట వరుడి తండ్రి పేరు పడింది. పత్రికలన్నీ అచ్చయి, పెళ్లివారు పట్టుకుపోయి, పట్టుకుపోయినంత వేగంగానూ తిరిగి వచ్చారు. మా యజమాని అరవలేదు. ఆయన అరవకపోతే మాకు మరీ భయం. సాయంత్రం నన్ను బల్ల దగ్గరికి పిలిచాడు.

"చాచాకు కండ్లు పోయినాయి. నీకు తెల్సు గదా?"

తెలుసన్నట్టు తల ఊపాను.

"శివరాత్రి పనులు కాగానే ఆయప్పను ఇంటికి పంపిద్దామనుకుంటాండా. మర్యాదగానే పంపిస్తా. నువ్వు ఏమీ చెప్పొద్దు."

ఆ మాటకు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ గుర్తుంది. యజమాని మీద కాదు, ఆయన చెప్పింది న్యాయమే. కానీ చాచాకు ప్రెస్సు తప్ప వేరే లోకం లేదు. సెలవు రోజున కూడా వచ్చి, తాళం వేసిన తలుపు ముందు అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లతో మాట్లాడి ఇంటికి వెళ్లేవాడు. అలాంటి మనిషిని ఇంట్లో కూర్చోమంటే ఏం చేస్తాడు? నాకు పని నేర్పిన చెయ్యి అది. ఏదో ఒకటి చేయాలని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

అప్పుడే ఆరోగ్యశాఖ నుంచి ఒక పని వచ్చింది. ఆ కాలంలో శివరాత్రికి శ్రీశైలం పోవాలంటే ఆత్మకూరు దాకా బస్సులో పోయి, అక్కడినుంచి నల్లమల అడవిలో నడిచేవాళ్లు. వేలాది జనం, దారిలో కొద్దిపాటి నీళ్లు. కలరా తగిలిందంటే అడవి మధ్యలో ఆదుకునే దిక్కు ఉండదు. అందుకని అడవిలోకి అడుగుపెట్టక ముందే అందరికీ సూది వేయాలని శాఖవాళ్లు ఆత్మకూరులో క్యాంపు పెడుతున్నారు. బస్సులో పోయేవాళ్లకు కూడా దూరం నుంచి కనపడేలా గోడ పోస్టర్లు కావాలన్నారు. మాటలు వాళ్లే రాసిచ్చారు: "కలరా సూది వేయించుకోనిదే శ్రీశైలం దారి లేదు." అడుగున క్యాంపు ఎక్కడో చెప్పే ఒక వరుస: "సత్రం దగ్గర."

మా దగ్గర పోస్టర్లకు పనికొచ్చే కొయ్య అక్షరాలు రెండు రకాలు ఉండేవి. ఇంగ్లీషువి మద్రాసు నుంచి తెప్పించినవి. అరచెయ్యంత పొడుగు, రెండు వేళ్ల వెడల్పు. చివర్లలో ముక్కులూ కుచ్చులూ లేవు, మొదలు నుంచి తుద దాకా గీత ఒకటే లావు. ఎంత పొడుగు మాట అయినా ఒక వరుసలో ఇరికించి, వీధి చివరి నుంచి చదవొచ్చు. మా తెలుగు అక్షరాలు అలా కాదు. భోజనం చేసి చాప మీద కూర్చున్న పెద్దమనుషుల్లా గుండ్రంగా, తీరిగ్గా ఉండేవి. లావుగా మొదలైన గీత సన్నగా ముగిసేది. దగ్గరగా చూస్తే ముచ్చటే. కానీ "వేయించుకోనిదే" అన్న మాటను వాటితో పేర్చాలంటే ముక్కలు చేసి వరుసల్లో పడేయాలి. నాలుగు బారల దూరం పోతే సన్న గీతలు మాయమయ్యేవి.

యజమాని దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. "ఆ ఇంగ్లీషు అక్షరాల మాదిరి తెలుగువి నేను చెక్కుతా. లావుగా, ఇరుకుగా. అరచెయ్యంత అక్షరం చాచాకు కనపడుతుంది. పోస్టర్ల పని ఆయనకు ఇచ్చి, చిన్న అక్షరాల పని మేము చూసుకుంటాం" అన్నాను.

ఆయన చేతిలో లెక్కల పుస్తకం మూశాడు. "ఆరోగ్యశాఖ ఆఫీసరు ఒప్పుకుంటే పోస్టర్ల పని చాచాదే. ఒప్పుకోలేదనుకో, ఈ మాట మళ్లా నా దగ్గరకు తేవొద్దు" అన్నాడు.

కడపలో మా మేనమామ బండ్ల పని చేసేవాడు. అడవి శాఖ వేలంలో కొన్న ఎర్రచందనం తుంటలు ఆయన దగ్గర ఉండేవి. టేకు చెక్కితే అంచు పొరలుగా లేస్తుంది. చందనం గట్టిది, ఉలికి లొంగదు, లొంగితే మాత్రం అంచు కత్తిలా నిలుస్తుంది. ఒక మూట తెచ్చుకుని కూర్చున్నాను. అక్షరాన్ని అద్దంలో చూసినట్టు తిరగేసి చెక్కాలి. వేళ్లు కాయలు కాశాయి. చందనం పొడికి తుమ్ములు. చాచా వచ్చి నా పక్కన కూర్చుని, చెక్కిన ప్రతి ముక్కనూ బొటనవేలితో తడిమి చూసేవాడు. "అంచు బాగుండాది" అనేవాడు. అంతకుమించి ఏమీ అనేవాడు కాదు. యజమాని మాట నేను చెప్పకపోయినా ఆయనకు అర్థమైపోయిందని నాకు తెలుసు.

నేను చేసిన పొరపాటు ఇప్పుడు వినండి. ఇంగ్లీషు అక్షరాలను పక్కన పెట్టుకుని, వాటి కొలతకే తెలుగు అక్షరాలను దించాను. అన్నిటికీ ఒకటే వెడల్పు, ఒకటే ఎత్తు, ఒకటే లావు. పేర్చి చూస్తే కవాతు చేస్తున్న పోలీసుల్లా వరుసగా నిలబడ్డాయి. నాకు గర్వంతో కాళ్లు నేల మీద నిలవలేదు. మద్రాసువాడు చూస్తే కుళ్లుకుంటాడనుకున్నాను.

పోస్టరు అచ్చు తీసి ప్రెస్సు గోడకు అంటించాం. ఆఫీసరు వచ్చాడు. సర్కారు జిల్లాల మనిషి, మెత్తగా మాట్లాడతాడు. వీధికి అవతల టీ అంగడి దగ్గర నిలబడి చూశాడు. కాస్త ముందుకు వచ్చి చూశాడు. తల పక్కకు వంచి చూశాడు.

"అక్షరాలు చాలా బాగున్నాయండీ. చదవడానికే వీలు కావడం లేదు."

టీ అంగడి ముందు కూర్చున్నవాళ్లు పగలబడి నవ్వారు. నేను పరుగున వీధి దాటి ఆయన పక్కన నిలబడి చూశాను. నిజమే. సిరా పట్టగానే అక్షరాల పొట్టలు పూడుకుపోయాయి. "వే", "లే", "దే" మూడూ ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి. గోడ మీద నల్లటి పట్టెలు, వాటి మధ్య అక్కడక్కడా తెల్లటి చుక్కలు. నా పోలీసులందరికీ ఒకటే మొహం.

"పండగ దగ్గరకొచ్చేసిందండీ. మళ్లీ వచ్చి చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే మద్రాసుకు పంపించేస్తాను, ఏమీ అనుకోకండి" అని ఆయన వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఉలి విసిరికొట్టి కూర్చున్నాను. ఎక్కడ దిద్దాలో తెలియదు. దగ్గర నుంచి చూస్తే అన్నీ సరిగానే కనపడుతున్నాయి. నాకు ఆ మాటలు ముందే తెలుసు కాబట్టి దూరం నుంచి చూసినా కన్ను తానే చదివేసుకుంటోంది. చాచా నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అబ్బీ, లెయ్. నన్ను ఆడ వాకిలి కాడ నిలబెట్టి, ఈడ గోడకు ఒక్కొక్క అక్షరం పట్టుకో. వరస మార్చి పట్టుకో."

"ఎందుకు చాచా?"

"నీ కండ్లు మంచియి. నీకు అన్నీ కనపడ్తాయి. నాకు కనపడేది ఏదో, కనపడనిది ఏదో చెప్తా. నాకు ఆనిందంటే బస్సులో పోయేవానికి ఆనుతాది."

వాకిలి పక్కనే యజమాని బల్ల. ఆయన కూర్చునే ఉన్నాడు. నేను కళ్లతో సైగ చేశాను. వద్దు చాచా, ఆయన వింటున్నాడు, అన్నట్టు. ఆ సైగ ఆయనకు కనపడదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. దగ్గరికి వెళ్లి చెవిలో చెప్పాను.

"విననీలే" అన్నాడు గట్టిగానే. "ఇంకెన్నాళ్లు గొంతు బాగలేదని చెప్పేది?"

ఒక్కో అక్షరం అచ్చు తీసిన కాగితం గోడకు పట్టుకున్నాను. చాచా వాకిట్లో నిటారుగా నిలబడి, ప్రెస్సంతా వినపడేలా చెప్పడం మొదలుపెట్టాడు.

"అది క. ... అది రా. ... ఇది తెల్దు. ... ఇది ల. ... ఇది వే నో దే నో, నాకు తెల్దు. ... శ్రీ అనుకుంటాండా, దాని కింద ఉండేది మసి మరక మాదిరి ఉండాది. ... ఇది అసలుకే కనపడ్లేదు. ఏమన్నా పట్టుకున్నావా, ఉత్త గోడేనా?"

ట్రెడిల్ ఆగిపోయింది. కేసుల దగ్గర చేతులు ఆగిపోయాయి. ఎవరూ నవ్వలేదు. ఎన్నేళ్లుగానో ప్రాణంలా దాచుకున్న సంగతిని ఆ మనిషి యజమాని ముందు, తన కింద పనిచేసేవాళ్ల ముందు అక్షరం అక్షరం చొప్పున ఒప్పుకుంటున్నాడు. నేను కాగితం సంగతి మరచి యజమాని వైపు తిరిగాను. "కదిలియ్యాకు, సరిగ్గా పట్టుకో" అని చాచా తిట్టాడు.

అంతా అయ్యాక యజమాని లేచాడు. "చాచా, ఇంక నువ్వు కేసు ముట్టుకోవద్దు" అన్నాడు. కఠినంగా అనలేదు, కానీ అన్నాడు. "ఈ అక్షరాల పని అయ్యేదాకా వాకిట్లో నిలబడు. తర్వాత సంగతి ఆఫీసరు చూసినంక."

"సరే" అన్నాడు చాచా.

మర్నాటి నుంచి నేను చెక్కడం, ఆయన వాకిట్లో నిలబడడం. ఆయన "తెల్దు" అన్నవాటిని ముందేసుకుని చూస్తే ఒక్కోదాని జబ్బు ఏమిటో మెల్లగా తెలిసింది. రెండు లావు గీతలు కలిసే మూలలో సిరా చేరి ముద్దవుతోంది. అక్కడ గీతను కాస్త సన్నం చేయాలి. దగ్గరగా చూస్తే వంకరగా ఉంటుంది, దూరానికి అంతా ఒకే లావు అనిపిస్తుంది. పొట్ట ఉన్న అక్షరానికి పొట్ట విప్పాలి. అందుకని "వ"కు వెడల్పు పెంచి, "ర" దగ్గర ఆ మేరకు తగ్గించాను. ఏత్వం మెలికలో తెల్లటి సందు పెంచాను. కింది వత్తుల తోకలు కత్తిరించాను. నా కవాతు చెదిరిపోయింది. ఒకటి బొద్దుగా, ఒకటి బక్కగా, సంతలో జనంలా తయారయ్యాయి.

మనసు ఒప్పుకోలేదు. "చాచా, చూడటానికి బాగలేవు" అన్నాను.

"బాగుండేటివి పెండ్లి పత్రికల్లో పెడదువు గానీ. ముందు ఆ దే పట్టుకో."

ఒక్కోసారి ఒక అక్షరం దగ్గరే పొద్దంతా పోయేది. "శై" మమ్మల్ని ఏడిపించింది. చెక్కడం, సిరా పూయడం, అచ్చు తీయడం, గోడకు పట్టుకోవడం. "తెల్దు." మళ్లీ కొత్త ముక్క. చాచా ఎండలో నిలబడి నిలబడి కాళ్లు వాచినా కుర్చీ వేస్తే కూర్చోలేదు. కూర్చుంటే చూపు ఎత్తు మారుతుందట. మా ఇద్దరిలో ఎవరిది ఎక్కువ మొండితనమో చెప్పలేను. చివరికి ఆయన "శై. శై గదా? శైనే" అన్నప్పుడు కేసుల దగ్గర ఉన్నవాళ్లందరూ చప్పట్లు కొట్టారు.

ఆఫీసరు మళ్లీ వచ్చి టీ అంగడి దగ్గర నిలబడ్డాడు. ఈసారి తల వంచలేదు. "ఇక్కడినుంచి బాగానే ఉందండీ. కానీ రోడ్డు మీద చూడాలి. కొన్ని తీసి ఆత్మకూరులో అంటించండి. నేనూ వస్తాను. జనం చదివితే కర్నూలు, నంద్యాల, కడప అన్నిటికీ మీ దగ్గరే" అన్నాడు.

అచ్చుకు ఎక్కించబోతుండగా ఆయన ఆఫీసు బంట్రోతు వచ్చాడు. క్యాంపు సత్రం దగ్గర కాదు, బడి దగ్గరికి మార్చారట. అడుగు వరుస విప్పి "సత్రం" తీసేసి, ముందే చెక్కిపెట్టుకున్న వేరే ముక్కలతో "బడి" పేర్చాను. చాచా ఆ సమయానికి నమాజుకు వెళ్లి ఉన్నాడు. ఆయన పరీక్షించిందంతా "సత్రం దగ్గర" అన్న వరుసనే. ఆ తర్వాత కాగితాలు కట్టలు కట్టడం, బస్సు అందుకోవడం, ఆ తొందరలో మార్పు సంగతి ఆయనకు చెప్పడానికే తీరలేదు.

ఆత్మకూరులో బస్సులు మలుపు తిరిగే చోట ఒక పొడుగు గోడ ఉంది. దానికి అంటించాం. ఆఫీసరు, మా యజమాని జీపు దిగి గోడ పక్కన నీడలో నిలబడ్డారు. నేనూ చాచా రోడ్డుకు అవతల. తలల మీద మూటలతో జనం పోతున్నారు. చాచా చెయ్యి నా భుజం మీద ఉంది. గట్టిగా పట్టుకున్నాడు.

బస్సు వచ్చింది. మలుపు దగ్గర నెమ్మదించి మళ్లీ వేగం అందుకుంది. కిటికీల్లోంచి మొహాలు కనపడ్డాయి. ఎవరూ ఏమీ అనలేదు. గోడ దాటిపోయింది. 

"పోయిందా?" అన్నాడు చాచా.

నేను జవాబు చెప్పేలోపు లోపలినుంచి ఎవరో కేకేశారు. "ఓయప్పా, నిలుపు నిలుపు! సూది ఏయించుకోనిదే శ్రీశైలం దారి లేదంట! ఆడ రాసినారు!"

బ్రేకు చప్పుడు. దుమ్ము. జనం దిగడం మొదలుపెట్టారు. దిగినవాళ్లు గోడ వైపు చేతులు చూపించుకుంటూ పెద్దగా చదువుతున్నారు. చదువు రానివాళ్లు అడుగుతున్నారు. అవతల ఆఫీసరు మా యజమానితో ఏదో చెబుతూ చెయ్యి కలిపాడు. నేను కేకపెట్టి చాచాను వాటేసుకున్నాను. "వదులు, వదులప్పా" అంటూ ఆయన టోపీ సర్దుకున్నాడు.

యజమాని రోడ్డు దాటి మా వైపు వస్తున్నాడు. ఇంతలో ఒక ముసలమ్మ మూట కిందికి దించి చాచా ఎదురుగా నిలబడింది. టోపీ, తెల్ల గడ్డం చూసి చదువుకున్న పెద్దమనిషి అనుకున్నట్టుంది.

"ఏమప్పా, ఆ సూది యాడ ఏస్తాండారు? నాకు సదువు రాదు. రవ్వంత సూసి సెప్పు నాయనా."

చాచా గోడ వైపు తిరిగాడు. నేను నోరు తెరిచాను. ఆయన సత్రం అని చెబితే పాపం ఆమె ఊరి ఆ చివరికి నడిచిపోతుంది. కానీ ఆయన చెప్పలేదు. మెడ ముందుకు చాచి, కళ్లు చికిలించి, పెదవులు కదిలిస్తూ చాలాసేపు చూశాడు.

"బడి" అన్నాడు. "బడి దగ్గర అని ఉండాది గదమ్మా. సత్రం కాడ కాదు. బడి యాడుండాదో అడిగి పో."

ముసలమ్మ మూట ఎత్తుకుని కదిలింది. చాచా నా వైపు తిరిగి, "ఎప్పుడు మార్చినావురా? నాకు చెప్పనే లేదే" అని కసిరాడు.  నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

మా వెనకే వచ్చి నిలబడ్డ యజమాని అంతా విన్నాడు.  నన్ను పక్కకు పిలిచాడు.

"రేపు పొద్దున రాంగానే ఆ కొయ్య అక్షరాల కేసులు కిటికీ పక్కకు జరపండి. ఆయప్పకు వెలుతురు కావాల."